విజిటింగ్ కార్డు కొలత పర్సును అడగాలి

సంగారెడ్డి జిల్లా సిర్గాపూర్‌లో బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్ అయినా, ఇంటి దగ్గర బట్టలు కుట్టే మహిళ అయినా సొంతంగా విజిటింగ్ కార్డులు చేసుకోవాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది కొలత. రంగులూ బొమ్మలూ తర్వాత. ప్రెస్సుల్లో ఎక్కువగా నడిచేవి మూడున్నర అంగుళాలకు రెండంగుళాలు, లేదంటే 90కి 54 మిల్లీమీటర్లు. ఇంట్లో చేసే కార్డుకు 85కి 54 సరైనదని నా అభిప్రాయం. కార్డు చివరికి చేరేది ఎదుటివారి పర్సులోకి. అక్కడ ఇప్పటికే ఉన్న ఏటీఎం కార్డు, పాన్ కార్డు 85.60కి 53.98 మి.మీ. అనే ఒకే అంతర్జాతీయ కొలతలో ఉంటాయి. పర్సు అరలు కుట్టేదీ వాటికి తగ్గట్టే. బిగుతు అరలో 90 మి.మీ. కార్డు మూలలు మడతపడతాయి, లేదా అసలు దూరదు. పెద్ద కార్డైతే కంటికి ఆనుతుందనే మాట వినిపిస్తుంది. ఆనుతుంది, కానీ పర్సులో పట్టని కార్డు ఇంటికెళ్లగానే ఏ సొరుగులోనో పడిపోతుంది.

పొడవు 85 అయినా 90 అయినా కాగితం ఖర్చు మారదు. ఏ4 షీటు 210కి 297 మి.మీ. దాన్ని నిలువుగా పెట్టి అడ్డం రెండు, నిలువు ఐదు వేస్తే 85కి 54 కార్డులు పది వస్తాయి. పక్కలకు 20, పైనా కిందా 13.5 మి.మీ. చొప్పున ఖాళీ మిగులుతుంది. 90 మి.మీ. కార్డులూ పదే వస్తాయి. ఎత్తు 50కి తగ్గించి షీటును అడ్డం తిప్పితే పన్నెండు పడతాయి నిజమే, కానీ పైనా కిందా ఐదేసి మిల్లీమీటర్లే మిగులుతాయి. కాగితం కొంచెం పక్కకు జరిగినా చివరి వరుస పాడవుతుంది. అంతకన్నా పెద్ద నష్టం అక్షరాలకు. మన లిపిలో గుడులు పైకి, ఒత్తులు కిందికి వెళ్తాయి. పేరు, పని, ఊరు, ఫోన్ నంబరు తెలుగులో ఇరుకు లేకుండా కూర్చోవాలంటే ఆ నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు వదులుకోకూడదు.

వెయ్యి కార్డులు ప్రెస్సులో కొట్టిస్తే ఒక్కోటి చౌకగా పడుతుంది కదా అంటారు. చౌకే, చిరునామా మారనంతకాలం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో, అప్పటిదాకా మెదక్ జిల్లా కల్హేరు మండలంలో ఉన్న సిర్గాపూర్ సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రమైంది. పాత చిరునామాతో అచ్చయినవన్నీ ఆరోజుతో తప్పయ్యాయి. ఫోన్ నంబర్లు ఇంకా తరచుగా మారతాయి. పదేసి తీసుకునేవారికి ఆ భయం లేదు. ఇక ఫోన్లు ఉండగా కార్డెందుకన్న ప్రశ్న. పొలంలో మోటారు కాలిపోయినప్పుడు మెకానిక్ నంబరు ఏ పేరుతో దాచుకున్నామో గుర్తురాదు. స్టార్టర్ డబ్బా తలుపు లోపల అంటించిన కార్డు ఇంట్లో ఎవరు వెళ్లినా కనిపిస్తుంది.

చేత్తో కోసేటప్పుడు గీత కాస్త తప్పుతుంది కాబట్టి అక్షరాలు అంచుకు 5 మి.మీ. లోపలే ఉండాలి, అంచుదాకా రంగు నింపకూడదు. క్యూఆర్ కోడ్ పెడితే 20 మి.మీ. కన్నా చిన్నది వద్దు. ప్రింటు ఇచ్చేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి ‘యాక్చువల్ సైజ్’ ఎంచుకోవాలి. మొదటి షీటు మామూలు కాగితం మీద తీసి స్కేలుతో కొలవాలి. 85 ఉండాల్సిన చోట 82 వస్తే సరిచేయాల్సింది డిజైన్‌ను కాదు, ప్రింటర్ సెట్టింగును.