పెరటి పాదు: చిట్టి గుమ్మడి

గుమ్మడికాయ పులుసన్న ఇష్టపడనివారు మన యిండ్లలో అరుదు. అయినను కాయను కొనుటకు వెనుదీయు గృహిణులు పెక్కుమంది కలరు. నలుగురున్న సంసారమునకు ఆఱేడు కిలోల కాయ యేల? కోసిన పిదప అది నిలువదు. ఇరుగుపొరుగులకు పంచగా మిగిలిన ముక్క మూడవనాటికి మెత్తబడి పెంటపాలగును. ఇదిగాక, ఆడువారు నిండుకాయకు కత్తి పెట్టరాదను ఆచార మొకటి యున్నది. మగవాడు మొదటి గాటు వేసినగాని కాయ కదలదు. మా రాజయ్యపేట సముద్రపుటొడ్డు పల్లె. ఇచ్చట అనేకులు తెల్లవాఱకమునుపే వేటకు బోవుదురు. వంటింటి మూల కాయ యుండగనే, కోసిపెట్టువారు లేక ఇల్లాలు చారునీళ్లతో పూట గడపుట మేమెఱుగుదుము.

ఈ ఆచారమును గూర్చి ఒక మాట పెద్దలయెడ గౌరవముతోనే చెప్పుచున్నాము. మన గ్రంథములలోని కూష్మాండము బూడిదగుమ్మడి. జంతుబలికి మాఱుగా దానిని సమర్పించు వాడుక కలదు గనుక, నఱకుట పురుషుల పనియైనది కాబోలు. ఎఱ్ఱగుమ్మడి జన్మభూమి అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ దరి చేరిన పిమ్మటనే అది తక్కిన ఖండములకు వచ్చినది. మన ప్రాచీనులు కంట చూడని కాయకు నిషేధ మెట్లు విధింతురు? అత్తగారు ఒప్పుకొననిచో తగవులాడవలదు. దోసిట నిముడు కాయను పెంచుకొనుడు. దానిని చూచి బలి యని యెవరును తలపరు.

బెంగుళూరు చెంత హేసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు తీసిన ‘అర్క సూర్యముఖి’ మనకు తగిన రకము. కాయ గుండ్రనై, పైనను క్రిందను అణగి, నారింజవన్నెతో నుండును. ఇంచుమించు ఒక కిలో తూగును. పండు ఈగను తట్టుకొనును. పంటకాలము సుమారు 100 దినములు.

మావంటి ఇసుకనేలలో నీరు నిలువదు. మూరెడు గుంట త్రవ్వి, చెఱువుమట్టియు చివికిన పెంటయు నింపి, అంగుళము లోతున మూడు గింజలు పెట్టవలెను. మొలచిన పిదప బలమైనదానిని మాత్ర ముంచుడు. ఉప్పుగాలి తగులకుండ దడి చాటున పాదు పెట్టుట మేలు. కాయ చిన్నది గనుక గట్టి పందిరికి తీగను ప్రాకించవచ్చును. లేతాకులను తినివేయు ఎఱ్ఱ పెంకుపురుగులు తెల్లవాఱుజామున మందకొడిగా నుండును. అప్పుడే ఏరి సబ్బునీటిలో వేయవలెను.

పూచినను పిందె నిలువలేదని, ఎవరి దిష్టియో తగిలెనని వగచుట వాడుక. దిష్టి కాదమ్మా! పాదునందు మగపూవులు ముందు పూచును. వాని కాడ సన్నముగా నుండును. ఆడుపూవు క్రింద బుల్లి కాయ రూపము స్పష్టముగా కనబడును. తేనెటీగ పుప్పొడిని మోయనిచో ఆ బుల్లికాయ పసుపుబాఱి రాలును. పూవులు వేకువను విచ్చి, ఎండ యెక్కగనే ముడుచుకొనును. తేనెటీగలు రాని దినమున మగపూవును కోసి, రేకులు తీసి, నడిమి పుప్పొడికాడను ఆడుపూవు నడుమ మెల్లగా రాయవలెను. పిల్లలు ఈ పనిని వేడుకగా చేయుదురు.

ధనుర్మాసమున గొబ్బెమ్మలకు పూవులు కోయు బాలికలకు ఈ భేదము తప్పక నేర్పవలెను. మగపూవులనే కోయవలెను. వానిలోను నాలుగైదింటిని విడువవలెను. లేనిచో గొబ్బెమ్మలు నిండును, పాదు బోసిపోవును.

తొడిమ ఎండి గట్టిపడి, గోరు గ్రుచ్చిన తొక్క లోబడనప్పుడు, తొడిమతో కూడ కోయవలెను. గాలియాడు నీడపట్టున కాయలు ఒకదాని నొకటి తాకకుండ పేర్చినచో కొన్నివారములు చెడవు.

అనకాపల్లి బెల్లము చేతికందు మనకు బెల్లపు పులుసును గూర్చి చెప్పుట యెందుకు! చిన్నకాయకే చెల్లు వంటకము వేఱొకటి కలదు. పైభాగమును మూతవలె కోసి, గింజలు తీసి, కొబ్బరికోరు, బెల్లము, ఏలకులపొడి కూరి, మూతపెట్టి ఆవిరిపై మెత్తబడువఱకు ఉడికించుడు. చెంచాడు నెయ్యి వేయుట మఱవకుడు. ఎఱ్ఱని కండలో నుండి మన దేహము ఏ విటమినును చేసికొనును. అందుకు కొంత కొవ్వు తోడు కావలెను.

అంగళ్లలో అలంకారమునకై అమ్ము పిడికెడు బుఱ్ఱలను మాత్రము వండరాదు. వానిలో కొన్ని విషమువంటి చేదు. ఏ గుమ్మడిముక్కయైనను నాలుకకు చేదు తగిలినచో ఉమిసివేసి, కాయను పాఱవేయుడు. ఉడికించినను, బెల్లము పోసినను ఆ దోషము పోదు. వాంతులు, విరేచనములు కలుగును.

విత్తనము నిలుపుకొనదలచినవారు పొరుగు పెరటి పెద్దగుమ్మడి పుప్పొడి కలియకుండ చూచుకొనవలెను. ముందునాటి సాయంకాలమే ఆడుమొగ్గను, మగమొగ్గను దారముతో కట్టి, మఱునా డుదయమున విప్పి రాచి, ఆడుపూవును మరల కట్టివేయుడు. ఆ పిందె కాడకు గుడ్డపీలిక నొకదానిని గుర్తుగా ముడివేయుడు. వంటకు కాయ కోయువారు దానిని కోయకుందురు.