బడియు నిల్లును: నీరు త్రాగుటకు ముందు



యక్షప్రశ్నల కథ మన మందఱ మెఱిగినదే. దప్పికతో కొలను చేరిన నలుగురు పాండవులు, ప్రశ్నలకు బదులు చెప్పక నీరు త్రాగి పడిపోయిరి. ధర్మరాజు బదులు చెప్పి నిలిచెను. చిన్ననాట మా తండ్రిగారు ఈ కథ చదివించినప్పుడు, దాహముతో వచ్చినవానిని ప్రశ్నలడుగుట యేమి న్యాయమని నాకు తోచెడిది. నీటిని గూర్చి విచారింపక త్రాగుట యెంతటి కీడో, కనిగిరి ప్రాంతమునకు కాపురము వచ్చిన తరువాతనే నాకు తెలిసినది.

ఇచ్చటి భూగర్భజలమున ఫ్లోరైడు గలదు. రాళ్లలో నుండు ఈ పదార్థము మెల్లగా నీట కరగును. దీనివలని వ్యాధిని వైద్యులు 1937లోనే నెల్లూరు జిల్లాలో గుర్తించి ప్రకటించిరి. కనిగిరి యప్పు డా జిల్లాలోనిదే. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వఱకు ఫ్లోరైడు ఉండవచ్చుననియు, వేఱు నీరు దొరకనిచోట ఒకటిన్నరకు మించరాదనియు మన దేశపు ప్రమాణము. మించిన నీటిని పసివారు త్రాగినచో, చిగుళ్లలో నింకను రూపొందుచున్న దంతములు చెడి, పసుపు, గోధుమరంగు మచ్చలతో మొలచును. ఎంత తోమినను ఆ మచ్చలు పోవు. ఏండ్ల తరబడి త్రాగినవారికి కీళ్లు బిగిసి, నడుము వంగును. కాచినచో దోషము పోవునని కొందఱు తలంతురు. అది పొరపాటు. నీ రావిరియై తగ్గును గాని ఫ్లోరైడు తగ్గదు.

ఎండలు ముదురుచున్న యీ కాలమున ఈ బాధ రెండు విధముల హెచ్చును. వానలు తప్పినకొలది బోర్లు లోతునకు పోవును. రాళ్ల నడుమ చిరకాలము నిలిచిన నీరు పైకి వచ్చును. ఎండ హెచ్చినకొలది మనము త్రాగు నీరును హెచ్చును. దానితోపాటు లోనికి పోవు ఫ్లోరైడును హెచ్చును. డబ్బు గలవారు శుద్ధిచేసిన నీటి డబ్బా కొనుక్కొందురు. ఎండలో కూలిపని చేసి, అందఱికంటె నెక్కువ నీరు త్రాగువారికే చేతిపంపు మిగులును.

మా యింటివారు ఉన్నత పాఠశాలలో సామాన్యశాస్త్రము బోధింతురు. ఏటేట జూన్ 5వ తేదీన పిల్లలు మొక్కలు నాటి, బొమ్మలు గీసి, నినాదములు చేయుదురు. మొక్కలు వేసవి నాటికి ఎండును. నినాదము లా సాయంకాలమే మఱపునకు వచ్చును. ఒకనాడు ఎనిమిదవ తరగతిలో నొక బాలుడు, కాలనీనుండి వచ్చు బాలికను "పండ్లు తోముకొనవా?" అని యెగతాళి చేసెను. నాటినుండి ఆ పిల్ల నోటికి చేయి యడ్డము పెట్టుకొనియే నవ్వెడిది. వారు బాలుని దండింపలేదు. "ఆ మాట నిజమో కాదో మనమే తేల్చుద"మని తరగతి నంతటిని పనికి దింపిరి.

పరీక్షపెట్టెలోని మందు నీట కలిపినచో గులాబిరంగు వచ్చును. ఫ్లోరైడు ఎక్కువైనకొలది ఆ రంగు పసుపునకు తిరుగును. పిల్లలు ఊరి పటము గీసి, పంపులకు అంకెలు వేసి, ఒక్కొక్క నీటిని చూచిరి. మా వీధి కొళాయికి వచ్చునది ఏటినీరు, గులాబిరంగు నిలిచినది. కాలనీ పంపు నీరు పచ్చగా మాఱినది. ప్రయోగశాలకు పంపి చూడగా అచ్చటను అదియే తేలినది. బాలిక తప్పేమియు లేదని తరగతికంతకు తెలిసినది. ఎగతాళి చేసినవాడు తల వంచుకొనెను.

అంతటితో కథ ముగిసిన బాగుండెడిది. ఆ సాయంకాలమే కాలనీనుండి యొక తండ్రి వచ్చి, "మా నీళ్లు చెడ్డవని ఊరంతా చాటితే మా పిల్లల నెవరు చేసుకుంటారు, పంతులుగారూ?" అని కోపముతో నడిగెను. వారు నోటుపుస్తకము తెచ్చి చూపిరి. అందు పంపు అంకెలే గాని, ఏ యింటి పేరును, ఏ బిడ్డ పేరును లేదు. అతడు శాంతించి వెడలెను. ఆ జాగ్రత్త ముందే తీసికొనకున్నచో మే లెంచి చేసిన పని యొక కుటుంబమునకు కీడయ్యెడిది.

మఱునాడు పిల్లలు ఆ పంపునకు ఎఱ్ఱరంగు పూసిరి. అది త్రాగరాదను గుర్తు. ఒక ముసలమ్మ బిందె దించి, "రంగు పూస్తిరి, బాగుంది. మరి తాగేదానికి ఏడకు పొమ్మంటారు?" అనెను. వారు బదులు చెప్పలేక యింటికి వచ్చి, "మన వీధి కొళాయి నీటిలో వారికి కొంత యిత్తుమా?" అని నన్ను అడిగిరి.

దాచ నేల? "ఉదయము గంటసేపు వచ్చు నీరు మనకే చాలద"ని చెప్పితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలుగురిలో నొక్కని బ్రతికింతునని యక్షు డన్నప్పుడు, ధర్మరాజు భీముని గాని అర్జునుని గాని కోరలేదు, నకులుని గోరెను. కుంతికి తానున్నాడు, మాద్రి కొక కొడుకు మిగులవలెనని యాతని తలంపు. ఈ ఘట్టము నే నెన్ని మాఱులు చదివితినో! చదివినది ఒక్క బిందె నీటియొద్దనే మఱచితినే యని సిగ్గుపడితిని.

తెల్లవాఱి ఇరుగుపొరుగు ఇండ్లకు పోతిని. కొందఱు ఒప్పిరి, కొందఱు మొగము చిట్లించిరి, ఒకామె నాతో నేటికిని మాటలాడదు. అయినను మొదటి అరగంట కాలనీవారి త్రాగునీటి బిందెలకు విడిచితిమి. ఇది న్యాయము కాదు. న్యాయము వచ్చువఱకు ఓర్పు మాత్రమే. కొళాయిగొట్టము కాలనీ వఱకు వేయవలెనని పిల్లలు పటముతో సహా వ్రాసిన విన్నపమును గ్రామసభలో చదివిరి. తీర్మానమైనది, గొట్టము ఇంకను రాలేదు. నెల కొకసారి పిల్లలు నోటుపుస్తకమున తేదీ వేసి "రాలేదు" అని వ్రాయుచున్నారు.

పాఠశాలలలో పర్యావరణమును తప్పనిసరిగా బోధింపవలెనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పినది. ఆ బోధన పుస్తకముతో ముగియరాదు. ఉపాధ్యాయుడు పిల్లలకు కొలుచుట నేర్పవలెను. కొలిచినది ఎవరికి బాధయో అడుగుట నేర్పవలెను. బయటపెట్టుటలో ఎవరి మానమునకును భంగము రాకుండ కాపాడవలెను. పిమ్మట పెద్దలయెదుట తానును పిల్లల ప్రక్కన నిలువవలెను.

మన వంతును గలదు. 2019లో వచ్చిన జలజీవన్ మిషనులో, గ్రామమున కైదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పు నేర్పాటు గలదు. మీ యూర ఆ యైదుగురెవరో విచారింపుడు. లేనిచో మీరే ముందుకు రండు. మీ బిడ్డ సీసా పట్టుకొని వచ్చి నీ రడిగినప్పుడు "ఇదేమి పని?" యని గదమకుడు. నింపి యిండు. పచ్చరంగు వచ్చినది మన యింటి నీటికి కాకున్నను, ఎవరి యింటి నీటికి వచ్చినదో అడుగుడు.