అందరూ తినే ముక్క

మొన్న కార్తీకంలో మా అమ్మాయికి పదకొండు నిండి పన్నెండో ఏడు వచ్చింది. "నాన్నా, ఈసారి బ్రౌనీలు చెయ్యి. కానీ నాకొక్కదానికీ వేరేగా కాదు. అందరం ఒకే పళ్ళెంలోవి తినాలి" అంది. చిన్న కోరికే. అయితే మా ఇంట్లో "అందరం" అన్న మాట ఎంత చిక్కైనదో చెప్పాలంటే ముందు మా వాళ్ళను మీకు పరిచయం చెయ్యాలి.

మా అమ్మాయి గోధుమ తినకూడదు. మా అమ్మ కోడిగుడ్డు ముట్టదు. గుడ్డు పడ్డ కేకు బల్లమీద ఉంటే ఆ గదిలో మంచినీళ్ళు కూడా తాగదు. ఇంజనీరింగు చదువుకుంటూ మా ఇంట్లో ఉంటున్న మేనల్లుడు పోయినేడు వీగన్ అయ్యాడు. అంటే మాంసం, గుడ్లే కాదు. పాలు, పెరుగు, నెయ్యి, చివరికి తేనె కూడా వాడికి పనికిరావు. ఇరవయ్యేళ్ళుగా తెలుగు పాఠం చెబుతున్నాను గాని, శాకాహారికీ వీడికీ తేడా ఒక్క మాటలో చెప్పమంటే నాకు చేతకాదు. ఇంగ్లీషువాళ్ళకు కూడా ఆ మాట 1944 దాకా లేదు. ఆ ఏడు డొనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, మరికొందరూ కలిసి సంఘం పెట్టుకుని ఆ పేరు కల్పించుకున్నారు. ఇక నాకు మధుమేహం. మా ఆవిడ ఒక్కతే ఏం పెట్టినా తింటుంది. అంచేత ఆవిడను ఏం కావాలని ఎవరూ అడగరు.

అమ్మాయి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆరేళ్ళ కిందట నాకు షుగరు బయటపడి రాత్రిపూట అన్నం మానమన్నారు. ఒక్కడికోసం వేరే వంట ఏమిటని ఇంటిల్లిపాదికీ చపాతీలు మొదలుపెట్టాము. పిల్ల సగం తిని వదిలేసేది. కడుపునొప్పి అనేది. బడికి వెళ్ళకుండా ఎత్తు వేస్తున్నదనుకుని నేను కసిరేవాణ్ణి. తోటిపిల్లలు తాటిచెట్లలా పెరుగుతూంటే అది ఉన్నచోటనే ఉండిపోయింది. నులిపురుగులకు మందు ఇచ్చారు, ఇనుము టానిక్కులు ఇచ్చారు; రక్తం మాత్రం పెరగలేదు. మూడేళ్ళు అలాగే గడిచాయి. చివరికి ఒక డాక్టరుగారు, "గోధుమ పడటం లేదేమో చూద్దాం" అని రక్తపరీక్ష చేయించి, ఆపైన పేగులోంచి చిన్న ముక్క తీసి చూసి, సీలియాక్ అని తేల్చారు. మన దేశంలో ఈ జబ్బు గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిలో ఎక్కువ, అన్నం తినే మన వైపు తక్కువ. అందుకే ఇక్కడ తొందరగా ఎవరికీ తట్టదు. అది చపాతీవల్ల పుట్టే జబ్బు కాదనీ, ఆ గుణం పుట్టుకతోనే ఒంట్లో ఉంటుందనీ డాక్టరుగారు నాకు ఓదార్పుగా చెప్పారు. అయినా కసిరిన మాటలు నాకు గుర్తున్నాయి కదా!

దానికి మందు లేదు. గోధుమ, బార్లీ, రై మానటమే మందు. ఈ రహస్యం కనిపెట్టినది డిక్కె అనే హాలండు పిల్లల వైద్యుడు. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో, అక్కడ తిండికి కరువొచ్చి రొట్టె దొరకలేదు. అలాటి రోజుల్లో ఈ జబ్బు పిల్లలు తేరుకోవటమూ, మళ్ళీ రొట్టె వచ్చాక మొదటికి రావటమూ ఆయన చూశాడు. అంతకు ముందునుంచే ఆయనకు గోధుమ మీద అనుమానం. 1950లో దానిమీదనే సిద్ధాంతగ్రంథం రాశాడు.

గోధుమలో ఉన్న దోషి పేరు గ్లూటెన్. లాటిన్‌లో ఆ మాటకు అర్థం బంక. సినిమా పోస్టర్లు గోడకు అంటించటానికి మైదా ఉడకబెట్టి వాడతారే, ఆ మైదాలోనిదే. పూరీ పొంగినా, బొబ్బట్టు చిరగకుండా సాగినా అంతా దాని చలవే. ఈ రెండేళ్ళలో అది ఎక్కడెక్కడ దాక్కుంటుందో మా ఆవిడ భూతద్దం పెట్టి చదివి మరీ తెలుసుకున్నది. మీకు తెలుసో లేదో, బజారులో కొనే ఇంగువ చాలామట్టుకు పిండి కలిపిన ఇంగువే, ఆ పిండి తరచు గోధుమది. మేము చపాతీలు మానేసి, పప్పులో ఇంగువ పోపు మాత్రం వేసుకుంటూ మూడు నెలలు గడిపాము.

ఇంతకీ మనకు అరిసెలు లేవా, సున్నుండలు లేవా, పూతరేకులు లేవా అని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగాను. వాటిలో గోధుమ ఉండదు. "అవి పండక్కి నాన్నా, పుట్టినరోజుకి కాదు" అంది. నిజమే మరి. రెండేళ్ళుగా స్నేహితురాళ్ళ పుట్టినరోజులకు ఇది తన డబ్బా తనే పట్టుకువెడుతున్నది. అందరూ కేకు తింటూంటే ఓ మూల కూర్చుని మూత తీసి వేరుశనగ ఉండలు తింటుందిట. ఈ సంగతి అది నాకు చెప్పలేదు. స్నేహితురాలి తల్లి చెప్పింది.

బ్రౌనీ అమెరికావాళ్ళ తిండి. 1893లో షికాగోలో జరిగిన మహాప్రదర్శన కోసం అక్కడి పామర్ హౌస్ హోటలులో మొదట చేశారని ఆ హోటలువారి మాట. అది కేకు కాదు, మన హల్వా కాదు, రెంటికీ మధ్యది. పైన పలచని పెళుసు, లోపల మెత్తన. పొంగవలసిన పని లేదు గనక బంక అంతగా అక్కర్లేదు. గోధుమ లేకుండా రొట్టె చెయ్యటం మహా కష్టంగాని, బ్రౌనీ చెయ్యవచ్చునని నాకు ధైర్యం చెప్పినది ఈ ఒక్క సంగతే.

పుట్టినరోజుకు మూడు వారాల ముందు మొదలుపెట్టాను. రాగులు బాగుచేసి వీధిచివర పిండిమరకు పంపి ఆడించాము. ముక్కలు ఫరవాలేదనిపించేటట్టు వచ్చాయి. అమ్మాయి రెండు తిన్నది. ఆ రాత్రి కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. ఏం తేడా వచ్చిందో తెల్లవారేదాకా తోచలేదు. తెల్లవారి మర దగ్గరికి వెళ్ళి అడిగితే, "మీ రాగులకు ముందు గోధుమలే ఆడానండీ" అన్నాడు. అతని తప్పేముంది? మరలో అడుగున మిగిలిన గోధుమపిండి రాగిపిండితో కలిసి మా ఇంటికి వచ్చింది. మన దేశపు నిబంధన ప్రకారం గ్లూటెన్ లేని తిండి అని రాయాలంటే అది కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే చిటికెడు పిండి చాలు కొంప ముంచటానికి. ఇక బ్రౌనీలు వద్దు అన్నాను. అమ్మాయి ఏమీ అనలేదు. డబ్బా కడిగి ఆరబెట్టుకున్నది.

మర్నాడు కొత్త మిక్సీ జారు, కొత్త జల్లెడ కొన్నాను. పాత జల్లెడ ఎంత కడిగినా సందుల్లో పిండి ఉంటుంది. రాగులు, బియ్యం ఇంట్లోనే కడిగి, ఆరబోసి, మిక్సీలో ఆడి రెండుసార్లు జల్లించాను. రెండోసారి చేసినప్పుడు తొందరపడి వేడిమీద కోశాను. ముక్క అనేది లేకుండా పొడి అయింది. మేనల్లుడు దాన్ని చెంచాతో తిని "బాగుంది మామయ్యా" అన్నాడు. హాస్టలు తిండి తిన్నవాడి మెప్పు లెక్కలోకి రాదు.

మూడోసారి కుదిరిన లెక్క ఇది. రాగిపిండి 100 గ్రాములు, బియ్యప్పిండి 50, జీడిపప్పు పొడి 50, కోకో పొడి 50, పంచదార 200 గ్రాములు, బేకింగ్ పౌడరు అర చెంచా, ఉప్పు చిటికెడు. బేకింగ్ పౌడరులో కూడా ఏదో ఒక పిండి కలుపుతారు. అది మొక్కజొన్నదో గోధుమదో చూసి కొనండి. గుడ్డుకు బదులు అవిసెగింజలు. దోరగా వేయించి పొడికొట్టి, రెండు పెద్ద చెంచాల పొడిలో ఆరు చెంచాల నీళ్ళు పోసి పావుగంట ఉంచితే గుడ్డు తెల్లసొనలాగే తీగ సాగుతుంది. గ్లూటెన్ చెయ్యవలసిన పని కూడా ఇదే చేసిపెడుతుంది. పాలకు బదులు కొబ్బరిపాలు 150 మిల్లీలీటర్లు. వెన్నకు బదులు వేరుశనగ నూనె 100. కొబ్బరినూనె అయినా సరే గాని, వాసన తెలుస్తుంది. కొబ్బరిపాలు గోరువెచ్చన చేసి పంచదార పూర్తిగా అందులో కరగనివ్వాలి. పైన ఆ మెరిసే పొర కట్టేది పంచదార కరిగితేనే. పాలపొడి కలవని నల్లచాక్లెట్టు 100 గ్రాములు కరిగించి కలిపాను. చాక్లెట్టు కాయితం మీద గోధుమ ఆనవాళ్ళు ఉండవచ్చునని రాసి ఉంటే కొనకండి.

అన్నీ కలిపాక అరగంట కదపకుండా ఉంచాలి. బియ్యప్పిండి తడి పీల్చుకోవటానికి ఆ వ్యవధి కావాలి. లేకపోతే పంటికింద ఇసుకలా తగులుతుంది. తరవాత ఎనిమిదంగుళాల చదరపు రేకులో కాయితం పరిచి పోసి, 175 డిగ్రీల వేడిలో అరగంటకు కొంచెం తక్కువగా ఉంచాను. పుల్ల గుచ్చితే తడి తడిగా నాలుగు నలుసులు అంటుకు రావాలి. శుభ్రంగా వచ్చిందంటే మించిపోయిందన్నమాటే. ఆపైన అసలు పరీక్ష, చల్లారేదాకా ఆగటం. గంటకాదు, నాలుగు గంటలు. నేను రాత్రి చేసి పొద్దున్న కోశాను.

కోకో మాటకొస్తే, అదేదో దూరదేశపు సరుకనుకునేరు. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రలోనే. గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో నీడన పెంచుతారు. ఏలూరు దగ్గర మా విద్యార్థి ఒకడి తోటలో కాయ కోసి పెడితే తిన్నాను. లోపల తెల్లటి గుజ్జు, పులుపూ తీపీ. చాక్లెట్టు వాసన ఆ కాయలో ఎక్కడా లేదు. గింజల్ని అయిదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించాకగాని అది రాదు.

పుట్టినరోజునాడు పిల్లలు ఏడుగురు వచ్చారు. అమ్మాయి పళ్ళెం తనే పట్టుకుని అందరికీ పంచింది. మా అమ్మ "గుడ్డు లేదు కదూ?" అని మూడుసార్లు అడిగి, నాలుగోసారి అడక్కుండా రెండో ముక్క తీసుకుంది. మేనల్లుడి లెక్క నేను పెట్టలేదు. నేను అంచుముక్కలో సగం తిని, సాయంత్రం రెండు మైళ్ళు నడిచాను. ఆ రాత్రి పిల్ల నిద్రపోయేదాకా నేను వరండాలో కూర్చున్నాను. లేవలేదు; నొప్పి అనలేదు.

సోమవారం పొద్దున్న వంటింట్లో డబ్బా మూత చప్పుడయింది. చూస్తే, మిగిలిన ముక్కలు తొమ్మిదీ వరసగా సర్దుకుంటున్నది. "అన్నీ నువ్వే తింటావుటే?" అన్నాను.

"నాకు ఒకటే. మిగతావి మా క్లాసువాళ్ళకి" అంది.