ఒకే కారు, రెండు పేర్లు

ఒక సంస్థ రూపొందించిన కారుకు ముందు గ్రిల్‌నూ చిహ్నాన్నీ మార్చి మరో సంస్థ తన పేరుతో అమ్ముకోవడాన్ని మోటారు పరిశ్రమలో ‘బ్యాడ్జ్ ఇంజనీరింగ్’ అంటారు. రెనో డస్టర్ 2013లోనే నిస్సాన్ టెరానోగా వచ్చినా, భారతదేశంలో ఈ పద్ధతి బాగా వేళ్లూనుకున్నది 2018 మార్చిలో సుజుకి, టయోటా కుదుర్చుకున్న పరస్పర సరఫరా ఒప్పందంతో. దాని ఫలితంగా మారుతి బాలెనో 2019లో టయోటా గ్లాంజా అయింది, ఎర్టిగా 2023లో రూమియన్ అయింది, అదే ఏడాది టయోటా ఇన్నోవా హైక్రాస్ మారుతి ఇన్విక్టోగా ఎదురుదారి పట్టింది. కొత్త మోడల్‌కు కావలసిన డైలు, క్రాష్ పరీక్షలు, ఉద్గారాల ధ్రువీకరణ అపారమైన ఖర్చుతో కూడుకున్నవి కనుక, ఆ భారాన్ని పంచుకోవాలని సంస్థలు కోరుకోవడం సహజమే.

తొలి గ్లాంజాను బాలెనో పక్కన నిలిపి చూస్తే గ్రిల్‌లోనూ, స్టీరింగ్ మీది గుర్తులోనూ, డిక్కీ మీది పేరులోనూ తప్ప చెప్పుకోదగ్గ తేడా కనిపించేది కాదు. తలుపులు, డ్యాష్‌బోర్డు, 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్ అన్నీ సుజుకివే. అయితే బాలెనోకు రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్న ఆ రోజుల్లో గ్లాంజాకు మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ దొరికింది గనుక, ఈ పద్ధతిని మోసమని కొట్టిపారేయడం న్యాయం కాదు. పేరుకున్న విలువా తక్కువది కాదు: అమెరికాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్, టయోటా ఉమ్మడిగా నడిపిన కర్మాగారంలో కరోలా, జియో ప్రిజమ్ కలిసే తయారైనా, సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో కరోలాకే మంచి ధర పలికింది.

అసలు చిక్కు సమాచారం దగ్గర వస్తుంది. 2023 జనవరిలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌లో లోపం ఉండవచ్చన్న అనుమానంతో మారుతి బాలెనో, గ్రాండ్ విటారా సహా 17,362 కార్లను రీకాల్ చేయగా, అదే కారణంతో టయోటా 1,390 గ్లాంజా, హైరైడర్ కార్లను విడిగా రీకాల్ చేసింది. బాలెనో గురించిన వార్త చదివిన గ్లాంజా యజమాని అది తన కారుకూ వర్తించవచ్చని గ్రహించాలంటే, ఆ రెండింటి బంధుత్వం అతనికి ముందే తెలిసి ఉండాలి. ప్రాణరక్షణకు సంబంధించిన ఈ విషయాన్ని షోరూమ్ సేల్స్‌మన్ దయకు వదిలేయడం తగదు. కారును ఏ సంస్థ, ఏ మోడల్ ఆధారంగా తయారుచేసిందో బ్రోషర్‌లోనూ ఇన్‌వాయిస్‌లోనూ ముద్రించడాన్ని ప్రభుత్వం తప్పనిసరి చేయాలి. కంపెనీ రికార్డుల్లో తన చిరునామా నమోదు కాక రీకాల్ ఉత్తరం అందుకోలేని రెండో యజమానికి ఆ ఒక్క వాక్యం అవసరం మరీ ఎక్కువ.