కాపలా ఊరిది, హక్కు ఎవరిది?

పశ్చిమ బెంగాల్‌లోని మిడ్నాపూర్ జిల్లా అరబారి సాల అడవి 1970ల ఆరంభానికి మోళ్లుగా మిగిలింది. అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి చుట్టుపక్కల 11 గ్రామాలతో ఒప్పందం కుదుర్చుకున్నారు. అడవిని ఊళ్లు కాయాలి. ప్రతిఫలంగా అటవీ పనుల్లో కూలి, ఏరుకోవడానికి పుల్లలు, ఆకులు, కలప అమ్మగా వచ్చిన సొమ్ములో పావు వంతు దక్కుతాయి. సాల చెట్టును మొదలంటా నరికినా వేరు చావదు. పశువులు మేయకుండా, గొడ్డలి పడకుండా చూస్తే మోడు నుంచే పిలకలు లేచి కొన్నేళ్లలో వాసాలవుతాయి. అంటే నాటే పని తక్కువ, కాసే పని ఎక్కువ. గార్డుల వల్ల కానిది ఊళ్ల వల్ల అయింది. దాదాపు 1,270 హెక్టార్లలో అడవి మళ్లీ లేచింది.

1988 జాతీయ అటవీ విధానం, 1990 జూన్‌లో కేంద్రం రాష్ట్రాలకిచ్చిన ఆదేశాలు ఈ దారినే పట్టాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1992లో వన సంరక్షణ సమితులను మొదలుపెట్టింది. ఇంటికి ఇద్దరు సభ్యులు, వారిలో ఒకరు మహిళ అన్నది నిబంధన. ప్రపంచ బ్యాంకు నిధుల అండతో సమితులు ఏడు వేలు దాటాయి.

కందకాలు తవ్వారు, మొక్కలు నాటారు, కూలి అందింది. కానీ సమితి ఖాతాలోంచి రూపాయి తీయాలన్నా అటవీ ఉద్యోగి సంతకం కావాలి. ఏజెన్సీలో కొన్నిచోట్ల గిరిజనుల పోడు భూముల్లోనే మొక్కలు నాటించారు. అక్కడివాళ్లకు సమితి అంటే భూమి పోవడమే. ప్రాజెక్టు డబ్బు ఆగాక చాలా సమితులు రికార్డులకే పరిమితమయ్యాయి. దీన్ని జనం నిర్లక్ష్యమనడం అన్యాయం. కూలి కోసం మొదలైన కాపలా కూలితోపాటే ఆగిపోతుంది.

2006 అటవీ హక్కుల చట్టం ఈ లెక్కను మార్చింది. సామూహిక అడవిని కాపాడుకోవడం, పునరుద్ధరించుకోవడం, నిర్వహించుకోవడం గ్రామసభ హక్కులయ్యాయి. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా అనే గోండు గ్రామానికి 2009లో సుమారు 1,800 హెక్టార్లపై హక్కుపత్రం వచ్చింది. అసలు పేచీ వెదురు దగ్గర వచ్చింది. వెదురు గడ్డిజాతి మొక్క. 1927 అటవీ చట్టం మాత్రం 2017 దాకా దాన్ని చెట్ల పద్దులోనే ఉంచింది. కొత్త చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చినా, రవాణా పర్మిట్ లేనిదే బొంగు ఊరు దాటేది కాదు. అప్పట్లో ఆ పర్మిట్ ఇచ్చింది అటవీ శాఖే. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ పర్మిట్ల పుస్తకాన్నే గ్రామసభ చేతికిచ్చారు. ఏ పొదలో ఎంత నరకాలి, లేత బొంగులు ఎన్ని వదలాలి, ఎవరికి అమ్మాలి అన్నవి అప్పటినుంచి ఊరి నిర్ణయాలు. అడవి వట్టిపోతే నష్టం కూడా ఊరిదే కాబట్టి, కాపలాకు వేరే ప్రోత్సాహకం అక్కర్లేదు.

తెలుగు నేల మీద అమలు పక్కదారి పట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో మొదట్లో ఇచ్చిన సామూహిక హక్కుపత్రాలు చాలావరకు గ్రామసభల పేర కాక వన సంరక్షణ సమితుల పేర జారీ అయ్యాయి. సమితి శాఖ ఉత్తర్వుతో పుట్టింది, ఉత్తర్వుతోనే పోగలదు. గ్రామసభ అలా కాదు. ఆ తర్వాతా దృష్టంతా వ్యక్తిగత పట్టాల మీదే నిలిచింది. 2023లో తెలంగాణ పంచిన నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పోడు పట్టాలూ ఆ కోవలోవే. వాటి అవసరం కాదనలేనిదే గానీ, ఊరుమ్మడి అడవి సంగతి అవి తేల్చవు. ప్రాణహిత అవతల గడ్చిరోలిలో ఈపాటికే వందలాది గ్రామసభలకు సామూహిక హక్కులు దఖలుపడ్డాయి. తునికాకు, వెదురు స్వయంగా అమ్ముకుంటున్న సభలూ వాటిలో ఉన్నాయి.