తెల్ల గౌను వెనక దొరతనం

హెన్రీ టాన్‌వర్త్ వెల్స్ గీసిన ఆ బొమ్మ ముందు నిలబడి మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1837 జూన్ 20, లండన్‌లోని కెన్సింగ్టన్ ప్యాలెస్, ఉదయం ఆరు గంటలు. విక్టోరియా పెదనాన్న, ఇంగ్లండు రాజు నాలుగో విలియం రాత్రి రెండు దాటాక విండ్సర్‌లో కన్నుమూశాడు. ఆ కబురు మోసుకొచ్చింది కాంటర్‌బరీ ఆర్చిబిషప్ హౌలీ, లార్డ్ చాంబర్లేన్ కనింగమ్. పద్దెనిమిదేళ్ల విక్టోరియా నిద్ర లేచి వచ్చి, తెల్లగా మెరిసిపోతూ నిలబడింది. కనింగమ్ దొరగారు మోకరిల్లి ఆమె చేతిని ముద్దాడుతున్నాడు. చూడముచ్చటే. ఆ ముచ్చటే దాని మోసం.

కబురొచ్చిన పొద్దున వెల్స్ ఎనిమిదేళ్ల పిల్లాడు. బొమ్మను 1880లో రాయల్ అకాడమీలో పెట్టాడు. అప్పటికి ఆ అమ్మాయి అరవై దాటిన వితంతువు, నల్లబట్టలు తప్ప కట్టని మనిషి, పైగా భారత చక్రవర్తిని. నలభై మూడేళ్ల తర్వాత ఆ రాత్రి గౌను ఎందుకు కావలసొచ్చిందయ్యా? ఏలికకు పసిముఖం తగిలిస్తే లెక్కలు అడిగేవాడుండడు కనుక!

ఇంతకీ ఆ పిల్లతో నాకు పేచీ లేదు. ఆమెకు జరిగిన అన్యాయం కూడా ఈ బొమ్మ వెనక ఉంది. తల్లి, ఆ తల్లిని ఆడించిన జాన్ కాన్రాయ్ కలిసి ఆమెను మెట్లు కూడా ఒంటరిగా దిగనివ్వలేదు. ఆ రోజు దాకా పడక తల్లి గదిలోనే. అందుకే ఆ పొద్దున తను ఒక్కతే వెళ్లి కబురు తెచ్చినవాళ్లను కలిసినట్టు డైరీలో పట్టుబట్టి రాసుకుంది. ఆ రోజే పడకను తల్లి గదిలోంచి మార్పించింది. అదీ అసలు తిరుగుబాటు! ఆడపిల్ల కనుక హనోవర్ సింహాసనం ఆమెకు దక్కకుండా చిన్నాన్న ఎర్నెస్ట్‌కు పోయింది కూడా ఆ పొద్దునే. వెల్స్ గారి కుంచెకు ఇవేవీ పట్టలేదు. ఆడదాని తెగువ అక్కర్లేదు, అమాయకత్వం చాలు.

ఈ విద్యలో వెల్స్‌కు గురువులున్నారు. అదే రోజు జరిగిన మొదటి కౌన్సిల్‌కు ఆమె నల్లని సంతాపదుస్తుల్లో వెళ్తే, చిత్రకారుడు డేవిడ్ విల్కీ తెల్లగౌను తొడిగి గీశాడు. ఆ బొమ్మ ఆమెకే నచ్చలేదు. రంగు మార్చి పవిత్రత పూసే పనికి చరిత్ర అని పేరు పెడితే ఎలా?

ఆ తెలుపు కింద ఏముందో తెలుగువాళ్లకు చెప్పాలా? 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయ్ లిట్టన్ దర్బారు పెట్టి, ఆమెను చక్రవర్తినిగా చాటించాడు. ఆమె ఈ దేశంలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. అక్కడ విందులు సాగుతుంటే ఇక్కడ ధాత కరువు. బళ్లారి, కడప, కర్నూలు జిల్లాల్లో జనం ఊళ్లు వదిలి రోడ్లమీద రాలిపోతున్నారు. ఖర్చు తగ్గించమని లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మట్టి మోసే మగకూలీకి రోజుకు ఒక పౌను గింజలు, పైన కాస్త చిల్లర చాలన్నాడు. చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ మొత్తుకున్నాడు. చచ్చినవాళ్లు లక్షల్లో. ఇదంతా ఎవరి పేరుతో నడిచిన సర్కారు?

ఆ శవాలు పూడ్చి మూడేళ్లు కాలేదు, వెల్స్ బొమ్మ గోడకెక్కింది. 1887లో, ఆమె పాలనకు యాభై ఏళ్లు నిండాయని ఊరేగుతున్న ఏడు, అదే బొమ్మను అతను మళ్లీ గీశాడు. ఆ రెండోది రాజకుటుంబం సేకరణలో ఉంది. అక్కడే ఉండనివ్వండి, వాళ్ల ఇంటి బొమ్మ అది. మన పిల్లలకు చూపించేటప్పుడు మాత్రం కింద 1837 అని కాదు, 1880 అని రాయండి.