పేరు లేని పుస్తకానికి పూచీ ఎవరు?

తెలుగు పుస్తకం ఏది తెరిచినా ముందు పేజీలో రచయిత పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ప్రచురించినవారు, అచ్చువేసినవారు, వాళ్ల ఊళ్లు. ఆ చిన్న అక్షరాలు చదివే ఓపిక ఎవరికీ ఉండదు. 1867 నాటి ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం పుస్తకంపై తప్పనిసరిగా అచ్చువేయమన్నది మాత్రం వాటినే. రచయిత పేరు వేయకపోయినా ఆ చట్టానికి అభ్యంతరం ఉండేది కాదు.

రచయిత కనిపించకపోయినా సర్కారుకు ఒక మనిషి దొరకాలి. అజ్ఞాత రచన గురించి మాట్లాడేటప్పుడు మనం మరచిపోతున్నది ఆ దొరికిన మనిషినే.

ఆ చట్టానికి ఏడేళ్ల ముందు, 1860లో, ఢాకాలో ‘నీల్ దర్పణ్’ అనే బెంగాలీ నాటకం అచ్చయింది. నీలిమందు వ్యాపారం చేసే తెల్లదొరలు రైతులకు బలవంతాన బయానా అంటగట్టి, వరి పండే నేలలో నీలిమొక్క వేయించి, కాదన్నవాళ్లను గోదాముల్లో బంధించి కొట్టించిన వైనం అందులో ఉంది. రాసింది దీనబంధు మిత్ర. తపాలా శాఖ ఉద్యోగి. తెల్లవారి కొలువులో ఉంటూ తెల్లదొరల మీద రాయడమంటే మాటలు కాదు. అందుకే రచయిత పేరుండాల్సిన చోట ‘ఎవరో ఒక బాటసారి’ అనే అర్థమొచ్చే సంస్కృత మాట వేశారు.

మరుసటి ఏడాది కలకత్తాలో ఇంగ్లీషు అనువాదం వచ్చింది. దాని ముఖపత్రం మీద అనువాదకుడి స్థానంలో ‘ఒక దేశీయుడు’ అని మాత్రమే ఉంది. అదే పేజీ అడుగున ముద్రాపకుడు సి.హెచ్. మాన్యుయెల్ పేరు ఉంది. పరువునష్టం కేసు పెట్టడానికి నీలిదొరలకు దొరికింది ఆ అడుగున ఉన్న పేరే.

అనువాదం చేయించి, అచ్చుకిచ్చినది మిషనరీ జేమ్స్ లాంగ్. ఆయన అనుమతితోనే మాన్యుయెల్ కోర్టులో ఆయన పేరు చెప్పాడు. 1861 జూలైలో లాంగ్‌కు నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. బెంగాలీ రచయిత కాళీప్రసన్న సింహ ఆ వెయ్యి అక్కడికక్కడే కట్టాడు. జైలు మాత్రం లాంగ్ అనుభవించాడు. అయినా అనువాదకుడి పేరు బయటపెట్టలేదు. ఆ అనువాదకుడు కవి మైఖేల్ మధుసూదన్ దత్ అని తర్వాత బంకించంద్రుడు రాశాడు. పండితులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

న్యూరెంబర్గ్ పుస్తక వ్యాపారి యోహాన్ పామ్‌కు అంతకన్నా ఘోరమైన శిక్ష పడింది. జర్మనీ అవమానభారాన్ని వర్ణిస్తూ నెపోలియన్‌ను విమర్శించిన ఒక అజ్ఞాత కరపత్రాన్ని ఆయన ప్రచురించాడు. రచయిత ఎవరో చెప్పలేదు. 1806 ఆగస్టు 26న బ్రౌనౌలో ఫ్రెంచి సైనికులు ఆయనను కాల్చిచంపారు.

పేరు దాచుకుని రాయడం బాధ్యత లేనితనమని వాదించేవారున్నారు. చాటున ఉండి ఎదుటివాడి పరువు తీసే రాతల విషయంలో ఆ వాదన సబబే. కానీ రచయితతో పాటు ప్రచురణకర్త కూడా చాటుకు పోయినప్పుడే జవాబు చెప్పేవాడు లేకుండా పోతాడు. ‘నీల్ దర్పణ్’ విషయంలో దీనబంధు ఉద్యోగం నిలిచింది, రైతుల గోడు లోకానికి తెలిసింది, కోర్టులో జవాబు చెప్పడానికి లాంగ్ ఉన్నాడు. ఆ మూడూ ఒకేసారి సాధ్యమయ్యాయంటే అది ప్రచురించిన మనిషి తన భుజం అడ్డుపెట్టినందువల్లే.

1867 చట్టం స్థానంలో 2023లో వచ్చిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. అది పత్రికలకే పరిమితం. పుస్తకాలను తన పరిధి నుంచి తప్పించింది. వలసపాలన నాటి ఆ నిఘా పోవడం మంచిదే. అయితే ఆ చిన్న అక్షరాలను మాత్రం ప్రచురణకర్తలు ఇష్టపూర్వకంగా నిలుపుకోవాలి. ఉద్యోగం పోతుందని భయపడే గుమాస్తా, ఇంట్లో హింస గురించి రాసిన ఇల్లాలు, ఊళ్లో బతకాల్సిన కూలీ తమ పేరు వేయవద్దంటే ఆ రాతప్రతిని తిప్పిపంపకూడదు. అందులోని నిజానిజాలు తామే విచారించాలి, రాసినవారి పేరు గుట్టుగా ఉంచాలి, వెనక పేజీలో తమ పేరు, చిరునామా స్పష్టంగా అచ్చువేయాలి.